హిసాబ్‌లో లేని ముతగయ్యిర్

స్టేడియం నక్షా గీయడం అనే మాట పాతబడిపోయింది. పెద్ద స్టేడియంలకి ఇవాళ ముందు నక్షా గీయరు, హిసాబ్ రాస్తారు. మైదానం పొడవు ఇంత, మొదటి వరుస దానికి ఇంత దూరం, ఒక్కో మెట్టు ఎత్తు ఇంత, పైకప్పు వంపు ఇంత అని అంకెలూ, ఆ అంకెల మధ్య రిష్తాలూ రాసిపెడితే సాఫ్ట్‌వేర్ ఇమారత్‌ని తెర మీద నిలబెడుతుంది. ఒక అంకె మారిస్తే దానితో రిష్తా ఉన్న ప్రతి దూలం, ప్రతి పలక, ప్రతి కుర్చీ జరిగి సర్దుకుంటుంది. దీన్ని పారామెట్రిక్ డిజైన్ అంటారు. ఈ ఇల్మ్ మీద నాకు మొహబ్బత్ ఉంది, షికాయత్ కూడా ఉంది. మొహబ్బత్ సంగతి ముందు చెప్తాను, లేకపోతే షికాయత్‌కి వజన్ ఉండదు.

ఉర్దూ మీడియం బడిలో మాకు లెక్కలు చెప్పిన ఉస్తాద్, మారే విలువని ముతగయ్యిర్ అనేవారు, మారనిదాన్ని ముస్తఖిల్ అనేవారు. తర్వాత తెలుగులోకి వచ్చాక అవే చరరాశి, స్థిరరాశి అయ్యాయి. పారామీటర్ ఈ రెండింటి మధ్య ఉండే చీజ్. మనం విలువ ఇచ్చేదాకా మారుతుంది, ఇచ్చాక నిలబడిపోతుంది, మనసు మారితే మళ్లీ తిప్పొచ్చు. పాత రేడియోకి ఉండే మరలాంటిదన్నమాట. అయితే గుర్తుపెట్టుకోవాల్సిందొకటుంది. ఏ దానికి మర బిగించాలో, ఏ దానికి అక్కర్లేదో సాఫ్ట్‌వేర్ చెప్పదు. అది కుర్చీలో కూర్చున్న ఇన్సాన్ చేసే ఫైసలా. నా ఈ మజ్‌మూన్ అంతా ఆ ఫైసలా గురించే.

మా ఆపా కొడుకు ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. వాడి కాలేజీ పని ఒక ఫుట్‌బాల్ స్టేడియం. రైనో అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రాస్‌హాపర్ తెరిచి చూపించాడు. గ్రాస్‌హాపర్ అంటే మిడత. 2007లో డేవిడ్ రటన్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. తెర మీద చిన్న చిన్న డబ్బాలు, వాటి మధ్య తీగలు. ఎలక్ట్రీషియన్ తెరిచి వదిలేసిన బోర్డులా ఉంటుంది. ఒక డబ్బాలో సంఖ్య జరిపితే పక్క కిటికీలో స్టేడియం ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది. "మామూ, నేను గీసింది ఏం లేదు, రిష్తా మాత్రం రాశా" అన్నాడు.

స్టేడియంలో ముఖ్యమైన రిష్తా చూపుది. నా ముందు వరుసలో కూర్చున్నవాడి కంటికి పైగా నా చూపు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తులో వెళ్లి మైదానం అంచుని తాకుతుంది? దాన్ని సీ వాల్యూ అంటారు. 60 మిల్లీమీటర్లుంటే ఏదో గడిచిపోతుంది, 90 ఉంటే బాగుంటుంది, 120 ఉంటే నవాబు. హిసాబ్ కష్టమైనదేం కాదు, పదో తరగతి ముసల్లస్‌ల పాఠం చాలు. ముందువాడి కన్ను మైదానం అంచుకి 20 మీటర్ల దూరంలో, 5 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. మెట్టు వెడల్పు 80 సెంటీమీటర్లు, ఎత్తు 30 సెంటీమీటర్లు. వెనకవాడి చూపు ముందువాడి కంటికి సుమారు 96 మిల్లీమీటర్ల పైనుంచి పోతుంది. షాన్‌దార్! ఇప్పుడు అదే మెట్టు కొలత మార్చకుండా 25 వరుసలు వెనక్కి వెళ్లండి. దూరం 40 మీటర్లు, ఎత్తు 12.5 మీటర్లు. లెక్క కట్టి చూస్తే 49 మిల్లీమీటర్లే మిగిలింది. అంటే ముందువాడు టోపీ పెట్టుకుంటే మీకు గోల్ కనబడదు. అందుకే వెనక్కి వెళ్లేకొద్దీ మెట్టు ఎత్తు పెంచుకుంటూ పోవాలి. స్టేడియం గిన్నెలా వంగి పైకి లేచేది అందం కోసమేనని అనుకుంటాం. ఆ వంపు మన చూపు హక్కులోంచి పుట్టింది. అలాగని ఎంతైనా నిటారుగా లేపలేం. బ్రిటన్ వాళ్లు మెట్ల ఏటవాలు 34 డిగ్రీలు దాటొద్దన్నారు, దాటితే మనుషులు తూలి పడతారు. ఒక మరని ఇటు తిప్పితే రెండోది అడ్డం పడుతుంది. ఆ రెండింటి మధ్య సులహ్ కుదిర్చేదే డిజైన్.

ఇదంతా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన ఖయాల్ కాదు. లుయీజీ మొరెత్తి అనే ఇటలీ మేమార్, అంటే ఆర్కిటెక్ట్, 1960లో మిలాన్ త్రియెన్నాలె ప్రదర్శనలో పారామెట్రిక్ ఆర్కిటెక్చర్ అనే పేరుతోనే కొన్ని నమూనాలు పెట్టాడు. వాటిలో ముఖ్యమైనవి స్టేడియంలే. ఫుట్‌బాల్‌కి ఒకటి, టెన్నిస్‌కి ఒకటి, ఈతకి ఒకటి. ఏ చోటు నుంచి ఆట ఎంత బాగా కనిపిస్తుందో హిసాబ్ కట్టి, చూపు బాగుండే చోట్లని కలుపుతూ గీతలు గీస్తే ఆ గీతలే స్టేడియం ఆకారం అయ్యాయి. కొన్నిటికి ఐబీఎం 610 యంత్రం సాయం తీసుకున్నాడు. ఆయన స్టేడియంకి 19 పారామీటర్లు అని లెక్క. చూసే కోణాలున్నాయి వాటిలో. కాంక్రీట్ ఖర్చు కూడా ఉంది. ఈ రెండోది మీరు గుర్తుపెట్టుకోండి, కాసేపటికి మళ్లీ అక్కడికే వస్తాను. (మొరెత్తి గురించి ఇంకో మాట. మా సహాఫీ బిరాదరీ కాబాలా చెప్పుకునే వాటర్‌గేట్ భవనాలు ఆయన డిజైనే. నిక్సన్‌ని దించిన ఇమారత్‌కి నక్షా ఇచ్చింది స్టేడియం హిసాబ్ రాసిన మనిషే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.)

మొరెత్తి నమూనాలు నమూనాలుగానే మిగిలాయి. యాభై ఏళ్ల తర్వాత ఈ పద్ధతిలో మొదటి నుంచి చివరిదాకా తయారైన స్టేడియం అని చెప్పుకునేది డబ్లిన్‌లో ఉంది. ఐర్లండ్ వాళ్లు పాత లాన్స్‌డౌన్ రోడ్ మైదానాన్ని కూల్చి అక్కడే కట్టుకున్న అవీవా స్టేడియం. 2010 మేలో తెరిచారు, దాదాపు 51,700 మంది పడతారు. పాపులస్, స్కాట్ టాలన్ వాకర్ మేమార్లు. బ్యూరో హ్యాపోల్డ్ ఇంజినీర్లు. బెంట్లీ కంపెనీ జెనరేటివ్ కాంపొనెంట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ రాశారు. నాకు అందులో బాగా నచ్చింది ఎక్సెల్ షీటు. మేమార్లు, ఇంజినీర్లు ఒకరికొకరు బొమ్మలు పంపుకోవడం తగ్గించి అంకెల పట్టికని పంపుకున్నారు. మేమార్ చర్మం ఆకారం మారిస్తే ఇంజినీర్ వైపు ఎముకలు వాటంతట అవే సర్దుకున్నాయి. బయటి గోడ మీది పలకల్లో గాలి కోసం ఏవి ఎంత తెరుచుకోవాలన్నది కూడా గడుల్లోంచే వచ్చింది. మన మునిసిపల్ దఫ్తర్లలో వాడే అదే ఎక్సెల్! బడ్జెట్‌లో కూడిక తప్పడానికి మనం వాడేదాన్ని వాళ్లు పైకప్పు వంచడానికి వాడారు.

ఫొటో చూస్తే అవీవాలో ఒక చోట పైకప్పు కిందికి జారి కనిపిస్తుంది. ఉత్తరం వైపు. మిగతా మూడు వైపులా ప్రేక్షకులు అంతస్తుల మీద అంతస్తులు కూర్చుంటే అక్కడ ఒక్క అంతస్తే ఉంది. కారణం ఏమిటంటే ఆ వైపు పాత ఇళ్ల వరుస ఉంది, చిన్న ఇళ్లు. స్టేడియం ఎత్తుగా లేస్తే వాళ్లకి ఎండ రాదు. డబ్లిన్‌లో ఎండ మనకి మామిడిపండులాంటిది, దొరికిన నాలుగు రోజులు దొరకాలి. పడోసీల వెలుతురు హక్కు అక్కడి నియమాల్లో ఉంది, ఎతెరాజ్ చెప్పే చోటుంది, చెప్తే వినాల్సిన దఫ్తర్ ఉంది. కాబట్టి ఆ ఇళ్ల మీద పడే ఎండ మోడల్‌లో ఒక పారామీటర్ అయింది. కోట్ల యూరోల స్టేడియం ఆ ఇళ్ల ముందు తల వంచింది. అవీవాలో అందరూ మెచ్చుకునే ఆ అల లాంటి ఆకారం చాలావరకు ఆ తల వంచడంలోంచి వచ్చిందే.

మర ఎవరికి దొరుకుతుందో చూశారా? ఎవరి మాట వినక తప్పదో వాళ్లకి.

ఇప్పుడు ఖతర్ వెళ్దాం. 2022 ప్రపంచ కప్ కోసం అక్కడ కట్టిన స్టేడియంలు పారామెట్రిక్ పనికి నుమాయిష్‌లాంటివి. అల్ తుమామా స్టేడియం అక్కడి మర్దులు రూమాల్ కింద పెట్టుకునే అల్లిక టోపీ ఆకారం. గహ్ఫియా అంటారు. డిజైన్ ఖతర్ మేమార్ ఇబ్రాహీం జైదాదే. ఆ టోపీ మీది జాలీని ఇమారత్ మీదికి ఎక్కించిన తీరు చూసి నేను నిజంగా వహ్వా అన్నాను. అల్ వక్రా ఊళ్లో అల్ జనూబ్ స్టేడియం ముత్యాల వేటకి వెళ్లే ధౌ పడవల పొట్టు తిరగేసినట్టుంటుంది. అది జహా హదీద్ దఫ్తర్ డిజైన్. జహా బగ్దాద్‌లో పుట్టింది, బేరూత్‌లో గణితం చదివింది, 2004లో ప్రిట్జ్‌కర్ ఇనామ్ అందుకున్న మొదటి ఔరత్. మా ఇళ్లలో ఆడపిల్లలకి ఆమె పేరు చెప్పాలనిపించే హైసియత్ ఆమెది. ఆమె దఫ్తర్‌లో భాగస్వామి పాట్రిక్ షూమాకర్ 2008లో వెనిస్‌లో పారామెట్రిసిజం అని ఒక ఐలాన్ కూడా చేశాడు, ఇక ముందు దునియా అంతా నడవాల్సిన దారి ఇదేనని.

2014 ఫిబ్రవరిలో జహాని ఖతర్ మజ్దూర్ల మరణాల గురించి సహాఫీలు అడిగారు. మజ్దూర్లతో తనకి సంబంధం లేదని, సమస్య ఉంటే అది అక్కడి హుకూమత్ చూసుకోవాలని, ఆర్కిటెక్ట్‌గా చూడటం తన జిమ్మేదారీ కాదని ఆమె జవాబు. దీని మీద పెద్ద గోల అయింది. ఒక అమెరికన్ విమర్శకుడు ఆ మరణాలన్నీ ఆమె స్టేడియం దగ్గరే జరిగినట్టు అర్థమొచ్చేలా రాశాడు. అప్పటికి ఆ స్టేడియం నిర్మాణమే మొదలవలేదు. ఆమె దావా వేసింది, ఆయన తప్పు ఒప్పుకున్నాడు, మామ్లా రాజీ అయింది. ఆ ఇల్జామ్ గలత్, నేను దాన్ని మళ్లీ మోయను. 2016లో ఆమె పోయింది, స్టేడియం 2019 మేలో తెరిచారు. నా సవాల్ ఆమె నియ్యత్ గురించి కాదు. ఆ జవాబు ఆమె ఒక్కదానిది కాదు, మొత్తం ఆ పేషాది. ఇంకెవర్ని అడిగినా కాస్త మెత్తగా అదే చెప్పేవారు. "మేం ఆకారం ఇస్తాం. కూలి, ఎండ, పడక, తిండి కాంట్రాక్టర్ చూసుకుంటాడు."

ఈ దలీల్ పెన్సిల్ కాలంలో చెల్లేది. మేమార్ కాగితం మీద గీసి ఇచ్చేవాడు, ఎన్ని ఇటుకలు, ఎన్ని రోజులు అన్నది మేస్త్రీ తేల్చేవాడు. పారామెట్రిక్ మోడల్‌కి ఆ మాసూమియత్ లేదు. దానికి అన్నీ తెలుసు. పైకప్పు మీద ఎన్ని పలకలో, ఒక్కోటి ఎన్ని కిలోలో, ఏది ఏ నంబరో, ఏది ముందు ఎక్కాలో, ఏది వెనకో తెలుసు. ఖర్చు తెలుసు, తారీఖు తెలుసు. పలకలన్నీ ఒకే కొలతవైతే సస్తా, రకరకాలవైతే మెహంగా అని తెలుసు, అందుకే రకాలు తగ్గించడానికి రాత్రంతా కంప్యూటర్ నడుపుతారు. రెండు వందల రకాల పలకలు ఉన్నా ఫ్యాక్టరీలో కోసే యంత్రానికి పెద్ద ఫరక్ లేదు. నలభై మీటర్ల ఎత్తులో నడుముకి తాడు కట్టుకుని, సరిపోని పలకని మూడోసారి తిప్పి చూసుకునేవాడికి ఫరక్ ఉంది. ఆ మూడోసారి మోడల్‌లో ఉండదు.

మొరెత్తి 19 అంకెల్లో కాంక్రీట్ ఖర్చు ఉందన్నాను కదా. ఆ కాంక్రీట్ పోసేవాడి గంటలకి ఎవరూ ప్రత్యేకంగా మర బిగించలేదు, అప్పుడూ ఇప్పుడూ. కూలి ఎక్కడో మొత్తం ఖర్చులో కలిసిపోయి ఉంటుంది, చాయ్‌లో చక్కెర లాగా. కరిగిపోయినదాన్ని ఎవరూ విడిగా కొలవరు.

అదే ఖతర్‌లో ప్రేక్షకుడి ఎండ కోసం జరిగిన మెహనత్ చూడండి. ఏ గంటకి నీడ ఏ కుర్చీ మీద పడుతుందో, పైకప్పు రంధ్రం ఎంత ఉంటే గడ్డి బతుకుతుందో, మనిషి మాడకుండా ఉంటాడో హిసాబ్ కట్టారు. స్టేడియం లోపల చల్లగాలి బుడగలా నిలిచేలా ఖతర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ సౌద్ అబ్దుల్ గనీ చేసిన ఏర్పాటు ఇంజినీరింగ్‌లో కమాలే, తీసేయలేం. అది కూడా చాలదనిపించి 2015లో ఫిఫా ఏకంగా ప్రపంచ కప్‌నే ఎండాకాలం నుంచి నవంబర్, డిసెంబర్‌కి జరిపింది. ఎప్పుడూ జూన్, జూలైల్లో జరిగే ఆట! యూరప్ లీగుల తారీఖులన్నీ అందుకోసం తలకిందులయ్యాయి. ఆటగాళ్ల కోసం క్యాలెండరే ముతగయ్యిర్ అయింది. పైకప్పు బిగించేవాడికి మాత్రం ఎండ ముస్తఖిల్.

పూర్తిగా ముస్తఖిల్ అంటే నాఇన్సాఫీ. 2007 నుంచే ఖతర్‌లో జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా మధ్యాహ్నం పదకొండున్నర నుంచి మూడు వరకు బయటి పని ఆపాలనే నియమం ఉంది. 2021 మేలో దాన్ని పెంచారు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు. ఇంకో ముఖ్యమైన మాట కూడా చేర్చారు. వేడి, తేమ, గాలి, ఎండ అన్నీ కలిపి కొలిచే ఒక సూచీ ఉంది, అది 32.1 డిగ్రీలు దాటితే ఏ గంటైనా పని ఆగాలి. అదే ఏడాది కనీస వేతనం నెలకి 1,000 రియాళ్లు అయింది. పడక, తిండి ఇవ్వకపోతే వాటికి 500, 300 విడిగా. అంతకుముందు ఏడాది, కఫీల్ ఇజాజత్ లేనిదే ఉద్యోగం మారకూడదన్న పాత బంధనం తీశారు. అమలు ఎంతవరకు అన్నది వేరే బహస్. నేను చెప్పేది, 32.1 అనే అంకె పుట్టింది. మనిషి శరీరం ఎంతవరకు ఓర్చుకుంటుందనేది మొదటిసారి ఒక సంఖ్యగా చట్టంలోకి వచ్చింది. సంఖ్య ఉంటే మోడల్‌లో గడి పెట్టొచ్చు. అయితే ఆ తారీఖు చూడండి. 2021 మే అంటే స్టేడియంలు చాలావరకు లేచిపోయాయి. అల్ జనూబ్ తెరిచి రెండేళ్లయింది.

మరణాల సంఖ్య మీద గొడవ మీకు తెలిసిందే. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక, ఐదు దక్షిణాసియా దేశాల వాళ్లు 2010 చివరి నుంచి ఖతర్‌లో 6,500 మందికి పైగా చనిపోయారని రాసింది. అందులో స్టేడియం పనివాళ్లు, డ్రైవర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, అన్ని రకాల మరణాలూ ఉన్నాయి. అదంతా స్టేడియంల లెక్క అని చెప్పడం సహాఫత్ కాదు. 2022 నవంబర్‌లో నిర్వాహక కమిటీ సారథి హసన్ అల్ తవాదీ ఒక ఇంటర్వ్యూలో, ప్రపంచ కప్ పనులన్నిటికీ కలిపి 400 నుంచి 500 మధ్య ఉంటుందని అన్నారు. నాలుగు వందలా, ఐదు వందలా? నన్ను ఆపేసింది ఆ "మధ్య" అన్న మాటే. పలకకి మధ్య లేదు. ఫలానా పలక ఫలానా వరుసలో ఫలానా నంబరు అని చెప్పగల హిసాబ్‌లో మనిషి దగ్గరికి వచ్చేసరికి వంద అటూ ఇటూ.

మన వైపు ఈ సంగతి దూరపుది కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ వైపు సామెతే ఉంది, బతుకుతెరువుకి మూడు దారులని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. ఖతర్‌లో ఒక స్టేడియంకి 974 అని పేరు పెట్టారు. 974 షిప్పింగ్ కంటైనర్లతో కట్టారు, ఆట అయ్యాక విప్పేసేలా. ఖతర్ ఫోన్ కోడ్ కూడా 974, అదీ చమత్కారం. ఆ డిజైన్ నాకు మిగతావాటికన్నా ఎక్కువ నచ్చింది, డాబు లేదు. దునియాకి ఆ సంఖ్య ఒక తెలివైన పేరు. జగిత్యాలలో ఒక అమ్మకి మాత్రం జుమ్మా రోజు సెల్‌ఫోన్‌లో మొదట మెరిసే మూడు అంకెలు. అవి మెరవని జుమ్మా ఆమెకి భయం.

ఇక్కడ ఒక ఎతెరాజ్ వస్తుంది, మా భాంజానే అన్నాడు. "మామూ, సాఫ్ట్‌వేర్‌లో మజ్దూర్‌ని కలపడం అంటే షాయరీ. లెక్కకి దొరికేది కావాలి." సరే, లెక్కకి దొరికేదే మాట్లాడదాం. ఆరు వందల ఏళ్ల కిందట దొరికింది కాబట్టి ఇప్పుడెందుకు దొరకదు?

సమర్‌ఖంద్‌లో ఉలుగ్ బేగ్ దగ్గర జమ్షీద్ అల్ కాషీ అనే రియాజీదాన్ ఉండేవాడు. 1427లో మిఫ్తాహుల్ హిసాబ్ అనే కితాబ్ పూర్తిచేశాడు. అందులో ఇమారత్‌ల కొలత మీద ఒక భాగం ఉంది. కమానులు, గుంబద్‌లు, ఆఖరికి ముఖర్నస్. ముఖర్నస్ అంటే మసీదు, మదరసా ద్వారాల లోపలి పైభాగంలో తేనెపట్టులా గడులు గడులుగా వేలాడే పని. చూస్తే దీన్నెవడు కొలుస్తాడనిపిస్తుంది. కాషీ కొలిచాడు. ముందు ఒక పైమానా తీసుకున్నాడు, మిఖ్యాస్ అన్నాడు, అడుగు గడి పొడవు. మిగతా ప్రతి ముక్కకీ ఆ మిఖ్యాస్‌తో నిస్బత్ చెప్పాడు. ముఖర్నస్‌ని నాలుగు రకాలుగా విడదీశాడు. ఇప్పుడు మిఖ్యాస్ ఒక్కటి తెలిస్తే మొత్తం ముఖర్నస్ ఉపరితలం ఎంతో తేలిపోతుంది. ఇది పారామెట్రిక్ కాకపోతే మరేమిటి? మిడత డబ్బా పక్కన పెట్టి చూస్తే తేడా కరెంటు ఒక్కటే.

దేనికోసం కొలిచాడు? ఆకారం సృష్టించడానికి కాదు, ఆకారం కారీగర్‌కి తెలుసు. ఎంత గచ్చు పడుతుంది, ఎంత రంగు పడుతుంది, పని చేసినవాడికి ఉజ్రత్ ఎంత, ఇలాంటి చోట్లే ఉపరితలం కొలత కావాల్సి వస్తుంది. గణిత చరిత్ర చదివినవాళ్లు కూడా ఈ హిసాబ్ ఉపయోగం అక్కడే చూపిస్తారు. పని ఎంత వంకరగా, ఎంత బారీక్‌గా ఉంటే అంత కష్టం, అంత కష్టానికి అంత కూలి రావాలంటే ఆ వంకరని కొలవడం రావాలి. మన జమానాలో వంకరని కాషీ కలలో కూడా చూడనంత బాగా కొలుస్తున్నారు. కొలిచిన సంఖ్య పలకలు కోసే యంత్రానికి వెళ్తుంది. కూలి ఇచ్చే మేజా దాకా రాదు.

భాంజాకి నేను చెప్పిన తజ్‌వీజ్ చిన్నది. గ్రాస్‌హాపర్‌కి లేడీబగ్ అని ఒక జోడింపు ఉంది. (మిడత తర్వాత మళ్లీ పురుగే, వీళ్లకి ఇంకేం పేర్లు దొరకవా?) ఏదైనా ఊరి వాతావరణ ఫైల్ దానికి ఇస్తే, ఏడాదిలోని 8,760 గంటల్లో ఏ గంటకి ఎంత వేడి, ఎంత తేమ, ఎండ ఏ మూల నుంచి పడుతుందో చెప్పి, అక్కడ నిలబడ్డ మనిషికి ఎంత ఉక్కగా ఉంటుందో రంగుల్లో వేసి చూపిస్తుంది. దాన్ని అందరూ ప్రేక్షకుడి కుర్చీ దగ్గర పెట్టి నడుపుతారు. అదే మనిషిని తీసుకెళ్లి, పైకప్పు ఇంకా మూయని రోజుల్లో, ఆ ఉక్కు దూలం మీద నిలబెట్టు. 32.1 దాటే గంటలు ఎన్నో లెక్క వస్తుంది. ఆ గంటలు తీసేశాక పని ఎన్ని నెలలు పడుతుందో వస్తుంది. ఇప్పుడు పైకప్పు వంపు మర తిప్పు. వంపు పెరిగితే పైన గడిపే గంటలు ఎన్ని పెరిగాయి? పలకలు కింద నీడలో జోడించి పెద్ద ముక్కలుగా క్రేన్‌తో ఎత్తితే ఎన్ని తగ్గాయి? వాతావరణ ఫైల్ అదే, మోడల్ అదే. కొత్తగా కావాల్సింది ఒక డబ్బా, రెండు తీగలు.

వాడు చేశాడు, ఒక రాత్రి కూర్చుని. కచ్చా పని, ఒప్పుకుంటాను; ఒక పలక బిగించడానికి ఎంతసేపు పడుతుందో మేం అందాజ్‌గా వేసుకున్నాం, అసలు అంకె ఉక్కు పని చేసేవాళ్లని అడగాలి. కానీ పైకప్పు మర తిప్పుతుంటే పక్కన ఆ గంటల సంఖ్య ఎక్కుతూ దిగుతూ కనిపించింది. అప్పటిదాకా వాడు ఆ మర తిప్పేటప్పుడు ఆకారం వైపే చూసేవాడు. ఆ రాత్రి రెండు వైపులా చూస్తున్నాడు.

దీనితో ఇన్సాఫ్ వచ్చేస్తుందని నేను అనడం లేదు. సంఖ్య తెర మీద ఉన్నా కళ్లు మూసుకునేవాడు మూసుకుంటాడు. కాంట్రాక్టర్ కింద కాంట్రాక్టర్, వాడి కింద ఏజెంట్, వాడికి కట్టడానికి ఊళ్లో చేసిన అప్పు, ఇవన్నీ ఏ సాఫ్ట్‌వేర్‌కీ అందవు. డబ్లిన్ ఇళ్లవాళ్లకి ఎండ దక్కింది మోడల్ దయ వల్ల కాదు, వాళ్ల చేతిలో కానూన్ ఉంది కాబట్టి. కానీ ఒక ఫరక్ ఉంటుంది. గడి ఉంటే, దాన్ని ఖాళీగా వదిలిందెవరో తెలుస్తుంది. "నా జిమ్మేదారీ కాదు" అన్న జవాబుకి కింద దస్తఖత్ పడుతుంది. ఇప్పుడు ఆ దస్తఖత్ లేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, 2034 ప్రపంచ కప్ సౌదీకి ఇచ్చారు. 2024 డిసెంబర్‌లో ఫైసలా అయింది. ఐదు నగరాలు, 15 స్టేడియంలు, ఎక్కువ భాగం కొత్తగా లేవాల్సినవే. రియాద్‌లో కింగ్ సల్మాన్ స్టేడియం ఒక్కదాంట్లోనే 92,000 మంది కూర్చుంటారట. దాని డిజైన్ కూడా డబ్లిన్‌లో ఎక్సెల్ షీటు నడిపిన పాపులస్ వాళ్లదే. నియోమ్‌లో నేల నుంచి 350 మీటర్ల పైన ఒకటి కడతామంటున్నారు. ఆ ఎత్తులో ఉక్కు బిగించేవాడు ఎక్కణ్నుంచి వస్తాడో చెప్పడానికి నుజూమీ అక్కర్లేదు.

ఇంకో సంగతి మనవాళ్లు అంతగా పట్టించుకోనిది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు దఫ్తర్లలో బయటి దేశాల ఇమారత్‌లకి కంప్యూటర్ మోడళ్లు తయారుచేసే పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. గల్ఫ్ ప్రాజెక్టుల దూలాలు, పైపులు, పలకలు ఇక్కడ ఏసీ గదుల్లో నంబర్లు వేయించుకుని వెళ్తాయి. ఒకే జిల్లా నుంచి, ఒక్కోసారి ఒకే ఖాందాన్ నుంచి, ఒకడు ఇక్కడ మౌస్‌తో పలక ఎక్కిస్తాడు, ఇంకొకడు అక్కడ భుజంతో ఎక్కిస్తాడు. మీలో అలాంటి పని చేసేవాళ్లు ఉంటే, వచ్చే సోమవారం మీ టీమ్ లీడర్‌ని ఒక్కటి అడగండి. ఈ పైకప్పు మీద మొత్తం ఎన్ని మనిషి గంటలు పడతాయి, అందులో ఎండవి ఎన్ని అని. ఏం జవాబు వచ్చిందో నాకు రాయండి, పేరు లేకుండా అయినా సరే.